రాకర్ ఆర్మ్‌లు మార్చాక వేడెక్కితే టిక్ టిక్: ఇది మామూలేనా, ప్రీలోడ్ తక్కువైందా?

బూడిదరంగు_వీ8:
అందరికీ నమస్తే. కారు 2009 కార్వెట్, ఎల్‌ఎస్3 ఇంజన్, 6.2 లీటర్లు. క్యామ్ (వాల్వులను తెరిపించే షాఫ్టు) ఫ్యాక్టరీదే, వాల్వ్ స్ప్రింగులు ముందే మార్చినవి. స్టాక్ రాకర్లలో, అంటే కారుతో వచ్చిన, పుష్‌రాడ్ తోస్తే వాల్వుని తెరిచే మీటల్లో, ట్రనియన్ (మీట ఊగే ఇరుసు) దగ్గర ఉండే నీడిల్ బేరింగుల గురించి చదివీ చదివీ టెన్షన్ పెరిగిపోయి, మొత్తం రాకర్లే తీసేసి అల్యూమినియం ఫుల్ రోలర్ రాకర్లు వేశాను. నిష్పత్తి (పుష్‌రాడ్ కదిలినదానికి వాల్వ్ ఎన్ని రెట్లు కదులుతుందో అది) స్టాక్‌దే, 1.7. పుష్‌రాడ్లు (కింద క్యామ్ వైపు నుంచి రాకర్‌ని పైకి తోసే కడ్డీలు) గట్టి రకం, 7.400 అంగుళాలవి. బోల్టులు 22 పౌండ్-అడుగులకు బిగించాను. అదే పనిలో హెడర్లు (హెడ్‌కి బిగించే ఎగ్జాస్ట్ పైపులు) కూడా మార్చేశాను.

ఇప్పుడు సమస్య ఏమిటంటే, చల్లగా స్టార్ట్ చేసినప్పుడు వాల్వ్ కవర్ల దగ్గర బాగానే ఉంటుంది, ఆయిల్ 90 డిగ్రీలకు వచ్చేసరికి రెండు కవర్ల కిందా టిక్ టిక్ మొదలవుతుంది, ఐడిల్ నుంచి 2000 ఆర్‌పీఎం దాకా స్పష్టంగా వినిపిస్తుంది, ఆపైన ఎగ్జాస్ట్ మోతలో కలిసిపోతుంది. ఇది కాక చల్లగా ఉన్నప్పుడు ఎడమ వైపు వెనకాల ఇంకో చిన్న చప్పుడు ఉంది, అది మాత్రం వేడెక్కితే పోతుంది. ఆయిల్ ప్రెషర్ ముందు ఎంతో ఇప్పుడూ అంతే. ఆయిల్ 5డబ్ల్యూ-30.

రెడ్‌లైన్_రాజా:
బ్రో, రోలర్ రాకర్లన్నీ అంతే, చప్పుడు చేస్తాయి. నాదీ చేస్తుంది. మ్యూజిక్ సౌండ్ పెంచుకో.

నూనె_చేతులు:
రాజా, నువ్వు చెప్పింది సగం నిజం. అల్యూమినియం రోలర్ రాకర్ స్టాక్ స్టీల్ రాకర్ కంటే కొంచెం ఎక్కువ శబ్దం చేస్తుంది, కుట్టు మిషను లాంటి సన్నటి శబ్దం, అన్ని సిలిండర్లలో ఒకేలా, చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా ఒకేలా. కానీ ఈయన చెప్పేది అది కాదు. చల్లగా లేనిది వేడికి వస్తోందంటే ఎక్కడో ఖాళీ పెరుగుతోంది. "రోలర్లు అంతే" అనే మాట విని ఊరుకున్న వాళ్ల ఇంజన్లు నా బెంచీ మీదికి వచ్చాయి, లిఫ్టర్ (క్యామ్ మీద దొర్లుతూ పుష్‌రాడ్‌ని లేపే భాగం) రోలర్ పాడై క్యామ్ లోబ్ (క్యామ్ మీది ఉబ్బు) గీరుకుపోయి ఉంటుంది.

బూడిదరంగు గారూ, ముందు రెండు చప్పుళ్లనూ విడదీయండి. వేడికి వచ్చేది ఒకటి, వేడికి పోయేది ఒకటి. రెండిటికీ కారణం ఒకటే అయ్యే అవకాశం చాలా తక్కువ. వేడికి పోయేది హెడర్ గాస్కెట్ దగ్గర లీకు అనుకుంటున్నా. లోహం వ్యాకోచించి సందు మూసుకుంటుంది, చప్పుడు ఆగిపోతుంది.

బూడిదరంగు_వీ8:
హెడర్ గాస్కెట్ కొత్తదండీ, బోల్టులు కూడా రెండోసారి చూశాను. అది కాదనుకుంటా. స్టెతస్కోప్ పెట్టి వింటే ఎడమ వెనకాల, 7వ సిలిండర్ దగ్గర ఎక్కువగా వస్తోంది, కవర్ మీద పెట్టినా వినిపిస్తోంది.

క్యామ్_లోబ్:
కవర్ మీద వినిపించడం ఆధారం కాదు. హెడ్ ఒకటే అల్యూమినియం ముద్ద, శబ్దం దానిలో ఎటైనా పోతుంది. టైమింగ్ లైట్‌తో లయ చూసినా అంతే, 800 ఆర్‌పీఎం ఐడిల్‌లో ఒక్కో వాల్వ్ నిమిషానికి 400 సార్లు తెరుచుకుంటుంది, ఇంజెక్టర్ కూడా 400 సార్లే కొడుతుంది, ఆ సిలిండర్ ఎగ్జాస్ట్ లీకు కూడా 400 సార్లే ఊదుతుంది. క్రాంక్ వేగంలో సగం అన్నది కనెక్టింగ్ రాడ్ చప్పుడు కాదని చెప్పడానికి పనికొస్తుంది, అంతకు మించి కాదు.

తేల్చుకునే దారి సులువు. చల్లగా చప్పుడు వస్తున్నప్పుడు 7వ సిలిండర్ ఇంజెక్టర్ ప్లగ్గు కొద్ది సెకన్లు పీకి చూడండి. ఆ సిలిండర్‌లో మంట లేకపోతే లీకు శబ్దం బలహీనపడుతుంది. రాకర్ అయితే దానికి మంటతో పనేముంది, వాల్వ్ తెరుచుకున్నంత సేపూ కొడుతూనే ఉంటుంది. ఒక్కటే చిక్కు, ఇంజెక్టర్ సొంత టిక్ కూడా ఆగిపోతుంది కాబట్టి స్టెతస్కోప్ ముందుగా ఇంజెక్టర్ మీద పెట్టి దాని గొంతు గుర్తుపెట్టుకోండి.

ఇక వేడికి వచ్చే దానికి నా అనుమానం ప్రీలోడ్, అంటే లిఫ్టర్ లోపలి ప్లంజర్‌ని ముందే నొక్కి ఉంచే దూరం. పుష్‌రాడ్ పొడవు కొలిచారా, లేక స్టాక్ సైజు అని ప్యాకెట్ మీద ఉన్నది వేశారా?

టార్క్_తాత:
పిల్లలూ, పాత స్మాల్ బ్లాక్ షెవీల మీద చేతులు కాల్చుకున్నవాణ్ణి, ఒక మాట వినండి. కవర్ తీసి, మార్కర్ పెన్నుతో వాల్వ్ కొన మీద నలుపు రాసి, ఇంజన్‌ని చేత్తో తిప్పి చూడాలి. రోలర్ తిరిగిన గీత వాల్వ్ కొన మధ్యలో, సన్నగా రావాలి. గీత పక్కకు పోయినా వెడల్పుగా వచ్చినా పుష్‌రాడ్ పొడవు తప్పు. అది సరిచేస్తే శబ్దం పోతుంది. ప్రీలోడ్ నట్టుతో ఎలాగూ సరిపోతుంది.

క్యామ్_లోబ్:
తాతగారూ, స్టడ్ మీద నట్టుతో నిలబడే రాకర్‌కి మీరు చెప్పింది అక్షరాలా నిజం. ఎల్‌ఎస్‌లో రాకర్ స్టాండ్ మీద కూర్చుని బోల్టుతో అడుగుదాకా బిగుసుకుంటుంది. పైకీ కిందికీ జరగదు. కాబట్టి ఇక్కడ పుష్‌రాడ్ పొడవు మారిస్తే వాల్వ్ కొన మీద గీత మారదు, లిఫ్టర్ లోపలి ప్లంజర్ ఎంత లోతుకు నొక్కుకుందో అది మాత్రమే మారుతుంది. గీత సరిచేయాలంటే స్టాండ్ కింద షిమ్ (పలుచటి రేకు) వేయాలి, షిమ్ వేస్తే పివట్ (రాకర్ ఊగే చోటు) పైకి లేచి ప్రీలోడ్ తగ్గుతుంది, అప్పుడు మళ్లీ పుష్‌రాడ్ పొడవు కొలవాలి. అంటే వరుస ఇలా: మొదట గీత, తర్వాత పొడవు. తిరగేసి చేస్తే రెండుసార్లు పుష్‌రాడ్లు కొనాలి.

టార్క్_తాత:
ఒప్పుకుంటున్నా, నట్టు లేని ఇంజన్ అని మర్చిపోయా. నట్టు ఉంటే ఈ గోలే ఉండేది కాదు, ఇంజన్ తిరుగుతుండగానే సరిచేసేవాళ్లం, నూనె మొహమంతా చిందేది అనుకోండి.

బూడిదరంగు_వీ8:
ప్యాకెట్ మీద ఉన్నదే వేశాను. రాకర్ల కంపెనీ వాళ్లు "స్టాక్ పొడవు సరిపోతుంది" అని రాశారు. రాకర్ నిష్పత్తి మారలేదు కదా, ఇక పొడవు ఎందుకు మారాలి?

క్యామ్_లోబ్:
నిష్పత్తి ఒకటే అయినంత మాత్రాన పుష్‌రాడ్ కూర్చునే గిన్నె అదే ఎత్తులో ఉండాలని లేదు. ఒక్కో కంపెనీ ఆ గిన్నెను ఒక్కో లోతులో తొలుస్తుంది, ట్రనియన్ ఎత్తు వేరు, రోలర్ వ్యాసం వేరు. గిన్నె అర మిల్లీమీటరు పైన ఉందనుకోండి, ప్రీలోడ్ అర మిల్లీమీటరు, అంటే 0.020 అంగుళాలు, అలాగే మాయమవుతుంది. ఇంతకుముందు హెడ్ చెక్కించారా, మందం గాస్కెట్ వేశారా, లిఫ్ట్ ఎక్కువున్న క్యామ్ వేశారా (వాటికి బేస్ సర్కిల్, అంటే ఉబ్బు లేని గుండ్రటి భాగం, చిన్నదిగా ఉంటుంది), ఇవన్నీ కూడా అదే లెక్కలోకి వస్తాయి. మీ క్యామ్ ఫ్యాక్టరీదే అన్నారు, మిగతావీ మారలేదంటే అనుమానం రాకర్ మీదికే పోతుంది.

కొలవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఇంజన్ చల్లగా ఉండాలి. ఒక్కో సిలిండర్‌కి, ఎగ్జాస్ట్ వాల్వ్ అప్పుడే తెరుచుకోవడం మొదలుపెట్టినప్పుడు ఇన్‌టేక్ చూడండి, ఇన్‌టేక్ దాదాపు మూసుకుపోయినప్పుడు ఎగ్జాస్ట్ చూడండి. అలా చేస్తే చూసే లిఫ్టర్ కచ్చితంగా బేస్ సర్కిల్ మీద ఉంటుంది. బోల్టు వదులు చేసి, పుష్‌రాడ్‌ని రెండు వేళ్లతో పైకీ కిందికీ ఆడిస్తూ మెల్లగా బిగించండి. ఆట పోయిన చోటు జీరో లాష్. పుష్‌రాడ్‌ని గుండ్రంగా తిప్పి బిగుతు వచ్చిందా అని చూసేవాళ్లు ఉన్నారు, నేను దాన్ని నమ్మను, నూనె ఉన్న పుష్‌రాడ్ ప్రీలోడ్ పడ్డాక కూడా తిరుగుతుంది. అక్కడి నుంచి 22 పౌండ్-అడుగులు వచ్చేదాకా బోల్టు ఎంత తిరిగిందో లెక్కపెట్టండి.

నూనె_చేతులు:
తొందరగా కావాలంటే కంపెనీ పద్ధతి ఉంది. 1వ సిలిండర్ కంప్రెషన్ టీడీసీలో (రెండు వాల్వులూ మూసుకుని పిస్టన్ పైకొసకు చేరిన స్థానంలో) పెట్టి ఎగ్జాస్ట్ 1, 2, 7, 8, ఇన్‌టేక్ 1, 3, 4, 5 చూసేయొచ్చు. క్రాంక్‌ని పూర్తిగా ఒక చుట్టు తిప్పి ఎగ్జాస్ట్ 3, 4, 5, 6, ఇన్‌టేక్ 2, 6, 7, 8. రెండు స్థానాల్లో మొత్తం పదహారూ అయిపోతాయి.

ఇంకొకటి, కవర్ తీసినప్పుడు దాని లోపలి వైపు టార్చ్ వేసి చూడండి. ఈ రోలర్ రాకర్లు స్టాక్ వాటికంటే లావు. లోపల ఆయిల్ అడ్డుకట్టు రేకుకి తగిలి మెరిసే గీతలు పడతాయి. గీత లేకపోయినా రాకర్ నెత్తిన కాస్త మెత్తటి క్లే పెట్టి, కవర్ బిగించి, చేత్తో తిప్పి, మళ్లీ తీసి ఎంత పలుచనైందో చూడండి.

నిశ్శబ్దం_కావాలి:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి, ప్రీలోడ్ అంటే నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. హైడ్రాలిక్ లిఫ్టర్ ఖాళీని అదే సర్దుకుంటుంది కదా? మరి పొడవుతో గొడవ ఎందుకు?

క్యామ్_లోబ్:
సర్దుకుంటుంది, కానీ దానికీ హద్దుంది. లిఫ్టర్‌లో చిన్న ప్లంజర్ ఉంటుంది, కింద నూనె, పైన దాన్ని ఆపే క్లిప్పు. ప్లంజర్ పైకి లేచి ఖాళీని నింపుతుంది, క్లిప్పు దాకా వచ్చాక ఇక లేవలేదు. అక్కడి నుంచి మిగిలిన ఖాళీ అంతా చప్పుడే. అందుకని మొదటే ప్లంజర్‌ని కొంత లోపలికి నొక్కి ఉంచుతాం, ఆ నొక్కుడే ప్రీలోడ్.

ఇప్పుడు ఈ ఇంజన్ సంగతి. బ్లాకు, హెడ్లు అల్యూమినియం, పుష్‌రాడ్లు స్టీలు. ఒక డిగ్రీ వేడికి ఒక మీటరు అల్యూమినియం దాదాపు 23 మైక్రాన్లు పెరిగితే స్టీలు దాదాపు 12 మాత్రమే. పుష్‌రాడ్ 188 మి.మీ., వేడి 20 నుంచి 90కి, 70 డిగ్రీల తేడా. లెక్కేస్తే 0.15 మి.మీ. దగ్గర, అంటే 0.006 అంగుళాలు. ఇది పుష్‌రాడ్ పొడవు మేరకే, వాల్వ్ కాడ వైపు కూడా కలిపితే ఇంకొంచెం ఎక్కువ. చల్లగా 0.060 ప్రీలోడ్ ఉన్నవాడికి 0.006 పోతే ఏమీ తెలియదు. చల్లగా 0.010 ఉన్నవాడికి వేడెక్కాక ఏం మిగులుతుంది? పైగా వేడికి నూనె పలుచబడి లిఫ్టర్‌లో నుంచి త్వరగా జారుతుంది.

రెడ్‌లైన్_రాజా:
అయితే చిక్కటి ఆయిల్ పోస్తే సరి. 20డబ్ల్యూ-50.

నూనె_చేతులు:
పోస్తే చప్పుడు కొంచెం తగ్గుతుంది, ఖాళీ అక్కడే ఉంటుంది. చల్లటి పొద్దున ఆ చిక్కటి నూనె రాకర్ల దాకా రావడానికి పట్టే సమయంలో బేరింగులు ఎండిపోతాయి. పుష్‌రాడ్ బోలుగా ఉండి నూనె దానిలో నుంచే పైకి వస్తుందని గుర్తుంచుకో.

బూడిదరంగు_వీ8:
కవర్లు తీశాను. ఎడమ కవర్ లోపల ఒకచోట సన్నటి గీత ఉంది, 3వ సిలిండర్ మీద. క్లే పెట్టి చూస్తే అక్కడ కాగితం మందం మిగిలింది, మిగతా చోట్ల ఫర్వాలేదు.

ప్రీలోడ్ కొలిచాను. జీరో లాష్ నుంచి 22 పౌండ్-అడుగులకు వచ్చేసరికి చాలా రాకర్లు పావు చుట్టు తిరిగాయి. కొన్ని ఎనిమిదో వంతు చుట్టుకే బిగుసుకుపోయాయి, అందులో 7 ఇన్‌టేక్, 4 ఎగ్జాస్ట్ ఉన్నాయి. బోల్టు మరలు 1.25 మి.మీ. కాబట్టి పావు చుట్టుకు 0.31 మి.మీ., అంటే 0.012 అంగుళాలు. ఎనిమిదో వంతుకు 0.006. ఇదేనా లెక్క?

రెడ్‌లైన్_రాజా:
అదే. ఒక చుట్టు 0.049 అంగుళాలు. అన్ని చోట్లా అలాగే రాస్తారు.

క్యామ్_లోబ్:
అన్ని చోట్లా రాస్తారు, అన్ని చోట్లా తప్పే. బోల్టు కిందికి దిగేది పివట్ దగ్గర. వాల్వ్ కొన కదలదు, గట్టి స్ప్రింగు దాన్ని ఆపి ఉంచుతుంది. కాబట్టి రాకర్ వాల్వ్ కొన మీద ఆనుకుని వంగుతుంది, పుష్‌రాడ్ వైపు పివట్ కంటే ఎక్కువ దిగుతుంది. ఎంత ఎక్కువ? 1.7 నిష్పత్తి రాకర్‌కి 1 + 1/1.7, అంటే 1.59 రెట్లు. ఒక చుట్టుకు 1.25 × 1.59, దాదాపు 2 మి.మీ., 0.078 అంగుళాలు. మీ పావు చుట్టు 0.020, ఎనిమిదో వంతు 0.010.

నమ్మకం కుదరకపోతే డయల్ గేజ్ పుష్‌రాడ్ గిన్నె దగ్గర పెట్టి చూడండి.

అంటే మీ అధ్వాన్నపు రాకర్లలో వేడెక్కాక 0.004 అంగుళం కూడా మిగలడం లేదు. చప్పుడు రాకపోతేనే ఆశ్చర్యం.

నూనె_చేతులు:
నేను ఎల్‌ఎస్7 రకం లిఫ్టర్లకి 0.060 చుట్టుపక్కల పెట్టుకుంటాను, ఇబ్బంది రాలేదు. మీ లిఫ్టర్ తయారీదారు ఏం చెప్పాడో చూసి దాని ప్రకారం పోండి, వేరే కంపెనీ లిఫ్టర్లలో ప్లంజర్ ప్రయాణం తక్కువగా ఉండొచ్చు. ఎక్కువైనా ముప్పే. ప్లంజర్ అడుగుకు తగిలితే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, ఐడిల్ వణుకుతుంది, కంప్రెషన్ పడిపోతుంది, ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోతుంది. చప్పుడు మాత్రం రాదు, అదే ప్రమాదం.

బూడిదరంగు_వీ8:
లిఫ్టర్లు ఎల్‌ఎస్7 రకమే. అయితే 0.050 పొడవు పెంచితే 0.060 నుంచి 0.070 మధ్య పడుతుంది. అంటే 7.450.

క్యామ్_లోబ్:
సర్దుబాటు చేసే కొలత పుష్‌రాడ్ ఒకటి తెచ్చుకుని ముందు నిర్ధారించుకోండి. దానికంటే ముందు తాతగారు చెప్పిన నలుపు గీత చూడండి. గీత బాగోకపోతే షిమ్ సంగతి తేలేదాకా 7.450 ఆర్డర్ పెట్టొద్దు.

బూడిదరంగు_వీ8:
గీత మధ్యలోనే ఉంది, సన్నగానే ఉంది. షిమ్ అవసరం లేదు.

టార్క్_తాత:
చూశారా, తాత మాట ఎక్కడో ఒకచోట పనికొచ్చింది.

నిశ్శబ్దం_కావాలి:
నాది కూడా ఎల్‌ఎస్3నే. 1.8 నిష్పత్తి రాకర్లు వేద్దామనుకుంటున్నా, క్యామ్ మార్చకుండా లిఫ్ట్ పెరుగుతుందని. చప్పుడు తప్ప వేరే ఇబ్బంది ఉందా?

క్యామ్_లోబ్:
స్టాక్ ఇన్‌టేక్ లిఫ్ట్ 0.551 అంగుళాలు. 1.8తో గుణించి 1.7తో భాగిస్తే 0.583. స్టాక్ స్ప్రింగు చుట్లు ఆ లిఫ్ట్‌కి ఒకదానికొకటి అంటుకుంటాయేమో చూసుకోవాలి, పూర్తి లిఫ్ట్‌లో కనీసం 0.050 నుంచి 0.060 ఖాళీ ఉండాలని చాలామంది పాటిస్తారు. వాల్వ్ పిస్టన్‌కి ఎంత దగ్గరికి వస్తోందో కూడా కొలవాలి. ఇంకో విషయం, ఎల్‌ఎస్3 ఇన్‌టేక్ రాకర్ పక్కకు వంగి ఉంటుంది, ఎల్‌ఎస్1, ఎల్‌ఎస్2 రాకర్లు దీనికి కూర్చోవు. కొనేటప్పుడు అది చూడండి.

నా సొంత అభిప్రాయం అడిగితే, ఫ్యాక్టరీ స్టీల్ రాకర్ బాడీ మంచిదే. వాల్వ్ వైపు బరువు తక్కువ, ఎక్కువ ఆర్‌పీఎంలో అదే కావాలి. బలహీనత నీడిల్ బేరింగే, సూదులు జారిపోతే ఆయిల్ ప్యాన్‌లోకి పోతాయి. అదే రాకర్‌కి కాంస్యపు బుష్ ఉన్న ట్రనియన్ కిట్ వేస్తే గిన్నె ఎత్తు మారదు, కవర్ తగలదు, ఈ చర్చంతా ఉండేది కాదు.

రెడ్‌లైన్_రాజా:
కానీ కవర్ తీసినప్పుడు చూడ్డానికి బాగుండవు కదా.

నూనె_చేతులు:
కవర్ తీసి నడుపుతావా ఏంటి?

బూడిదరంగు గారూ, స్కానర్ ఉంటే నాక్ సెన్సర్ రీడింగులు కూడా చూసి పెట్టుకోండి. ఈ చప్పుడుని కంప్యూటర్ నాక్ (పెట్రోల్ అదుపు తప్పి మండే చప్పుడు) అనుకుని స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగొచ్చు. అధిక ఆక్టేన్ పెట్రోల్ పోసినా అదే ఆర్‌పీఎంలో అంతే లాగుతుంటే అది మెకానికల్ శబ్దం అనుకోవచ్చు. అలా అని సెన్సర్‌ని ఆపేయొద్దు.

బూడిదరంగు_వీ8:
అప్‌డేట్. కొలత పుష్‌రాడ్‌తో చూస్తే 7.450 దగ్గరే వచ్చింది, అవే వేశాను. చల్లగా కొలిస్తే చాలావరకు 0.070 దగ్గర, తక్కువున్నవి 0.060. లిఫ్టర్లు సర్దుకోవడానికి ఇరవై నిమిషాలు వదిలేసి అప్పుడు క్రాంక్ తిప్పాను, లేకపోతే ప్లంజర్ ఇంకా పైనే ఉండి వాల్వులు తెరుచుకునే ఉంటాయని ఎక్కడో చదివాను. ఎడమ కవర్ కింద మందం గాస్కెట్ పెట్టాను, క్లే ఇప్పుడు హాయిగా మిగులుతోంది. కాయిళ్లు కవర్ మీదే కూర్చుంటాయి కాబట్టి ప్లగ్ వైర్లు లాగినట్టు అవుతాయేమో అనుకున్నా, కాలేదు.

స్టార్ట్ చేయగానే కొద్ది క్షణాలు గడగడ, తర్వాత ప్రశాంతం. వేడెక్కాక టిక్ టిక్ పోయింది. నూనె_చేతులు గారు చెప్పిన సన్నటి శబ్దం ఉంది, బానెట్ తెరిస్తేనే వినిపిస్తుంది. 2800 దగ్గర కంప్యూటర్ టైమింగ్ లాగుతుండేది, ఇప్పుడు సున్నా.

చల్లగా వచ్చే ఎడమ వెనక చప్పుడు మాత్రం అలాగే ఉంది.

క్యామ్_లోబ్:
7వ ఇంజెక్టర్ ప్లగ్గు పీకి చూశారా?

బూడిదరంగు_వీ8:
ఇప్పుడే చూశాను. ప్లగ్గు పీకగానే చప్పుడు దాదాపు ఆగిపోయింది, పెట్టగానే వచ్చింది. ఇంజెక్టర్ గొంతు వేరు, అది ముందే విని పెట్టుకున్నా.

నూనె_చేతులు:
హెడర్ ఫ్లాంజ్ (హెడ్‌కి ఆనే అంచు) మీద స్కేలు నిలబెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకు) దూరుతుందో చూడండి. వెల్డింగ్ వేడికి ఫ్లాంజ్ వంగి ఉంటే ఎన్ని గాస్కెట్లు మార్చినా, బోల్టులు ఎంత బిగించినా లాభం లేదు. వెనక బోల్టుని అతిగా బిగించకండి, అక్కడ విరిగితే తీయడం నరకం.

బూడిదరంగు_వీ8:
వెనక చివర 0.010 గేజ్ దూరుతోంది. ఫ్లాంజ్‌ని చదును చేయించడానికి ఇచ్చాను, బహుళ పొరల స్టీల్ గాస్కెట్ తెప్పించాను.

బూడిదరంగు_వీ8:
బిగించాను. చల్లటి స్టార్ట్‌లో కూడా ఏమీ లేదు. రాకర్ బోల్టులు కాసేపు నడిపాక మళ్లీ టార్క్ చూడాలా?

నూనె_చేతులు:
ఒకసారి చూడండి, ఇంజన్ పూర్తిగా చల్లారాక. తర్వాత ఆయిల్ మార్చినప్పుడు ఫిల్టర్ కోసి మడతల్లో మెరుపు ఉందేమో చూడండి, అల్యూమినియం రాకర్ల మొదటి ఫిల్టర్‌లో కొంచెం ఉండొచ్చు, అయస్కాంతానికి అంటుకునేవి ఉంటే మాత్రం ఇక్కడ ఫొటో పెట్టండి.

రెడ్‌లైన్_రాజా:
క్యామ్_లోబ్ అన్నా, నాది కూడా వేడెక్కితేనే వస్తుంది. ఆ జీరో లాష్ పద్ధతి ఇంకోసారి చెప్పవా?

క్యామ్_లోబ్:
పైన రాశాను రాజా. ముందు మ్యూజిక్ సౌండ్ తగ్గించు, వినపడుతుంది.